నీళ్ళు మానేసిన సిస్టర్

ఊరందరికీ శకునం చెప్పే బల్లి తాను పోయి కుడితిలో పడ్డట్టే ఉంది జ్యోతిరాణి వ్యవహారం. పొద్దున ఎనిమిదికి వార్డులో అడుగు పెట్టింది మొదలు, పద్నాలుగు పడకల దగ్గరా ఆమె చెప్పే మాట ఒక్కటే: నీళ్ళు తాగండి, గంటకో గ్లాసు తాగండి. ఎవరు ఎన్ని తాగారో కాగితం మీద రాసుకుంటుంది. తాగనివాళ్ళను పిల్లల్ని కోప్పడినట్టు కోప్పడుతుంది. ఆమె మాత్రం డ్యూటీలో చుక్క నీళ్ళు ముట్టక ఆ రోజుకు ఎనిమిది రోజులు.

పీపీఈ కిట్ వేసుకున్నాక నీళ్ళెలా తాగుతారు అంటారేమో. నిజమే, తల నుంచి పాదాల దాకా ఆ ప్లాస్టిక్ సంచీలో దూరాక తాగడానికీ లేదు, బయటికి పోవడానికీ లేదు. అందుకే మధ్యాహ్నం మూడింటికి ప్రతి సిస్టర్‌కూ అరగంట ఇచ్చారు. బయటికెళ్ళి, కిట్ విప్పి, మొహం కడుక్కుని, కడుపునిండా తాగి, కొత్త కిట్ తొడుక్కుని రావచ్చు. జ్యోతిరాణి ఆ అరగంటను తనకు తానే రద్దు చేసుకుంది. ఏ డాక్టరూ చెప్పలేదు, ఏ పెద్ద సిస్టరూ అడ్డం పడలేదు. జడ్జీ తానే, జైలూ తానే.

అది రెండువేల ఇరవై ఒకటి, మే నెల. కోవిడ్ రెండోసారి విరుచుకుపడ్డ కాలం. కరీంనగర్‌లో పడకలు లేవు, మంచిర్యాలలో పడకలు లేవు. నస్పూర్ దాటాక, బొగ్గు బావుల కాలనీని ఆనుకుని మూతబడి ఉన్న ఒక హాస్టల్ బిల్డింగును ఊడ్చి, కడిగి, మంచాలు వేసి కోవిడ్ సెంటర్ అన్నారు. గోడల్లో పైపులు లేవు కాబట్టి మంచానికో పెద్ద ఆక్సిజన్ సిలిండర్. ఈ వార్డు ముగ్గురు సిస్టర్లలో ఇద్దరికి కోవిడ్ వచ్చి ఇంట్లో పడ్డారు. మిగిలింది జ్యోతిరాణి ఒక్కతి, సాయానికి ఆయమ్మ ఎల్లక్క. పగలంతా వీళ్ళిద్దరిదే వార్డు.

ఇంతకీ ఆ శిక్ష ఎందుకంటే, తొమ్మిదో పడక రాయమల్లు కోసం.

రాయమల్లు చొప్పదండి రైతు. నలభై ఆరేళ్ళ మనిషి. తనకు ఊపిరి ఆడటం లేదన్న దిగులు కన్నా, కొనుగోలు కేంద్రంలో కుప్ప పోసి వచ్చిన వడ్ల మీద దిగులెక్కువ. రోజూ జ్యోతిరాణి ఫోన్‌తోనే భార్య చంద్రవ్వతో మాట్లాడేవాడు. వడ్లు కాంటా అయినయా, టార్పాలిన్ కప్పినవా, ఇవే మాటలు. ఎనిమిది రోజుల కిందట మధ్యాహ్నం గాలివాన ఒకటి వచ్చింది. వాన చప్పుడు వింటూనే రాయమల్లు లేచి కూర్చున్నాడు. వడ్లు తడుస్తయని ఒకటే గోల. ఆయన్ని పడుకోబెట్టి, అయిపోవస్తున్న సిలిండర్ తీసేసి, కొత్తది తగిలించి, మూడూ పది అని రిజిస్టర్‌లో రాసి, మూడూ ఇరవైకి నీళ్ళ కోసం బయటికి వెళ్ళింది జ్యోతిరాణి.

తిరిగొచ్చేసరికి మూడూ యాభై. రాయమల్లు చనిపోయి ఉన్నాడు. సిలిండర్ ఖాళీగా ఉంది. ఆక్సిజన్ వచ్చే దారిలో పెట్టిన నీళ్ళ సీసాలో బుడగలు ఆగిపోవడం చూసి ఎల్లక్క వానలో పరుగెత్తి ఇంకో సిలిండర్ కోసం కేకలు పెట్టిందట, అది వచ్చేలోపే అయిపోయిందట.

ఏడెనిమిది గంటలు రావలసిన నిండు సిలిండర్ అరగంటలో ఎట్లా ఖాళీ అవుతుంది? దానికి జ్యోతిరాణికి దొరికిన జవాబు ఒక్కటే. తను మార్చలేదు. మార్చాననుకుంది. నీళ్ళ మీద ధ్యాసతో, పాతదాన్నే విప్పి పాతదాన్నే బిగించి, కొత్తది పెట్టానని రాసి పోయింది. డాక్టర్ ముకర్రం, రాయమల్లు ఊపిరితిత్తులు అప్పటికే ముప్పాతిక పోయాయని, ఎట్లయినా దక్కేవాడు కాదేమోనని నచ్చజెప్పాడు. ఆ 'ఏమో' ఆమెకు సరిపోలేదు. నేను నీళ్ళు తాగుతున్నప్పుడు ఒక మనిషి గాలి లేక పోయాడు, ఇక నాకు నీళ్ళెందుకు అనుకుంది. అనుకుని ఎవరికీ చెప్పలేదు. మొండివాడు రాజు కన్నా బలవంతుడంటారు, మొండి నర్సు సంగతి ఏ సామెతలోనూ లేదు.

ఇక ఆ తొమ్మిదో పడక మీద ఇప్పుడు అక్బరీ బేగం ఉంది. మంచిర్యాల బజారులో గాజుల దుకాణం. అరవై ఏళ్ళు, నోరు మంచిది. రంజాన్ చివరి వారం నడుస్తోంది, జబ్బు వల్ల ఈ ఏడాది రోజా ఉపవాసం లేకుండా పోయానే అని ఆమె బాధ. ఆక్సిజన్ మాస్కు మీంచే అందరి మొహాలూ చదివేస్తుంది. ఆ పొద్దున జ్యోతిరాణి నాడి చూస్తుంటే, కళ్ళద్దాల వెనక లోపలికి పోయిన కళ్ళను చూసి మెల్లగా అడిగింది.

"నువ్వు గూడ రోజా ఉన్నవా బేటీ?"

"అట్లనే అనుకో ఖాలా," అంది జ్యోతిరాణి.

"మరి సాయంత్రం రోజా దేనితోని ఇడుస్తున్నవ్?"

జ్యోతిరాణి నాడి పట్టిన చెయ్యి వదిలేసింది. పక్క మంచానికి పోయింది. ఇంటికెళ్ళాక రాత్రి రెండు గ్లాసులు తాగుతోంది, అవి కూడా తండ్రి గదిమితేనే. ఒంటేలుకు పోయి ఎన్ని గంటలైందో లెక్క లేదు. తలలో ఎవరో రోకలితో దంచుతున్నట్టుంది. నాలుక పిడచకట్టుకుపోయి మాట ముద్దముద్దగా వస్తోంది. ఎల్లక్క ఇవన్నీ కనిపెట్టి, నీకు నువ్వు ఏమన్న చేసుకుంటె నీ పదకొండేండ్ల బిడ్డకు ఎవరు సమాధానం చెప్తరని రెండుసార్లు నిలదీసింది. పెద్దపల్లిలో మేనత్త ఇంట్లో ఉన్న బిడ్డ గుర్తొచ్చి జ్యోతిరాణి తలుపు దాకా నడిచింది. అయినా బయటికి పోలేదు.

పన్నెండు గంటలకు డాక్టర్ ముకర్రం రౌండ్‌కు వచ్చాడు. ఇరవై ఎనిమిదేళ్ళ కుర్రాడు, రెండు వార్డులకూ తానే. రిజిస్టర్ తిప్పుతూ ఒక చోట ఆగిపోయాడు. చాలాసేపు ఆ పేజీనే చూశాడు. తర్వాత రిజిస్టర్ తిప్పి జ్యోతిరాణి ముందు పెట్టాడు. తొమ్మిదో పడక వరసలో, పదకొండు గంటల గడిలో, ఆమె చేతిరాతతోనే 'రాయమల్లు' అని ఉంది. ఆక్సిజన్ తొంభై రెండు, నాడి తొంభై ఆరు. చచ్చిపోయిన మనిషికి నాడి.

జ్యోతిరాణి రిజిస్టర్‌ను దగ్గరికి లాక్కుంది. ఎప్పుడు రాసిందో ఆమెకే తెలియదు. కొట్టేసి పైన అక్బరీ బేగం అని రాయబోతే పెన్ను వణికింది. డాక్టర్ గొంతు తగ్గించి, సిస్టర్, మీరు ఇవాళ ఇంటికి వెళ్ళిపోండి, ఇట్లాంటి చేత్తో ఇంజెక్షన్ చేస్తే ఎవరికేమవుతుందో అన్నాడు. కోపంగా అనలేదు, భయంగా అన్నాడు. తను పోతే వార్డు ఎవరు చూస్తారని ఆమె అడిగింది. సాయంత్రానికి జిల్లా నుంచి ఎవరినైనా అడుగుతానని, ఇంజెక్షన్లన్నీ తానే వచ్చి చేస్తానని, ఆ అరగంట మాత్రం కచ్చితంగా తీసుకోవాలని చెప్పి వెళ్ళాడు. జ్యోతిరాణి తలూపింది. తలూపడానికి ఏం పోయింది.

కానీ ఆ పేరు ఆమెను వదల్లేదు. అదే మంచం, అదే రిజిస్టర్, అదే చెయ్యి. ఇంకొక్కరు తన చేతిలో పోతే ఇక తను మనిషిగా మిగలనని ఆమెకు తెలుసు. అక్బరీ ఖాలాను నడిపించి గేటు దాటించేదాకా ఆ మంచం వదిలి కదలకూడదని ఒట్టు పెట్టుకుంది.

గోరుచుట్టు మీద రోకలిపోటు అన్నట్టు, ఆ రోజే లారీ రాలేదు. పెద్దపల్లి వైపు నుంచి పొద్దున పదికల్లా రావలసిన ఆక్సిజన్ లారీ రెండైనా పత్తా లేదు. టైరు పంక్చరని ఒకసారి, ప్లాంటు దగ్గర లైనుందని ఒకసారి ఫోన్‌లో కబురు. బయట నలభై నాలుగు డిగ్రీల ఎండ. లారీకి చోటు చేయబోయి వరసలు కలిసిపోతే, వెనక పెరట్లో టెంటు కింద ఉన్న సిలిండర్లలో ఏవి నిండువో ఏవి ఖాళీవో ఏరి చూస్తున్నాడు హనుమండ్లు.

హనుమండ్లును గురించి చెప్పాలి. ఆయన ఈ సెంటర్ మనిషి కాదు. బావిలో పనిచేసే కార్మికుడు, యాభై దాటాయి. జ్యోతిరాణి తండ్రి కొమురెల్లితో కలిసి ఇరవై ఏళ్ళు భూమి కింద బొగ్గు తవ్వినవాడు. సిలిండర్లు చూసే జియావుల్లా పది రోజుల కిందట జ్వరంతో పడిపోతే, మోసేవాళ్ళు లేరని తెలిసి తనంతట తానే వచ్చాడు. నైట్ షిఫ్ట్ చేసి, ఇంటికి కూడా పోకుండా నేరుగా ఇక్కడికే వస్తాడు. జియావుల్లా పోతూ పోతూ గేటు అవతల నుంచే పని చెప్పి పోయాడట. మామూలుగా లారీలోంచి దిగినవి ఒక పక్క, వార్డులోంచి వచ్చినవి ఒక పక్క పెడితే సరిపోతుంది. రెండూ కలిసిపోతే మాత్రం పానాతో కొట్టి చూడాలి, చప్పుడును బట్టి తెలుస్తుంది. సిలిండర్‌లో ఎంత గాలి ఉందో చూపే వార్డు మీటర్లు సగం పాడైపోయి ముళ్ళు ఇరుక్కుపోయాయి కాబట్టి, వాటిని నమ్మడానికి లేదు. ఎత్తి చూసినా నిండుదానికీ ఖాళీదానికీ పదికిలోలే తేడా. అంచు మీద దొర్లించేవాడి చేతికి అది తెలియదు.

మూడయింది. జ్యోతిరాణి బయటికి పోలేదు. నాలుగున్నరకు అక్బరీ బేగం సిలిండర్ సీసాలో బుడగలు పలచబడ్డాయి. ఎల్లక్క కిటికీలోంచి కేకేస్తే, హనుమండ్లు కిట్ వేసుకుని ఒక సిలిండర్‌ను అంచు మీద దొర్లించుకుంటూ తెచ్చాడు. మంచం పక్కన నిలబెట్టి, ఆమె ముందే పానాతో ఒక దెబ్బ కొట్టాడు. ఠంగుమని గుడిగంటలా మోగింది.

"మంచి గట్టిది బిడ్డా. ఫికర్ జెయ్యకు," అన్నాడు.

జ్యోతిరాణి తన చేత్తో పాతది విప్పింది, తన చేత్తో కొత్తది బిగించింది. ఈసారి మార్చానా లేదా అన్న అనుమానం రాకూడదని ఎల్లక్కను పక్కన నిలబెట్టి, పాతదాని మీద చెయ్యి పెట్టించి, దాన్ని బయటికి పంపించింది. బుస్సుమని గాలి వచ్చింది. బుడగలు లేచాయి. వేలికి పెట్టిన మిషన్ తొంభై ఒకటి చూపించింది. నాలుగూ ముప్పై ఐదు అని రిజిస్టర్‌లో రాసింది. పేరు రెండుసార్లు చూసుకుంది. మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది, కూర్చోకపోతే పడిపోయేలా ఉంది.

నాలుగూ యాభై ఐదుకు బుడగలు ఆగిపోయాయి.

ముందు తన కళ్ళే మోసం చేస్తున్నాయనుకుంది. గాలి ఎంత వస్తోందో చూపే గాజు గొట్టంలో తేలే చిన్న గుండు అడుగుకు దిగిపోయింది. ఎనభై ఎనిమిది. ఎనభై మూడు. అక్బరీ బేగం కళ్ళు పెద్దవయ్యాయి, చేత్తో మాస్కును పట్టుకుని లాగింది. జ్యోతిరాణి చప్పున స్టూలు మీంచి లేచింది. మళ్ళీ. మళ్ళీ నా చేతిలోనే. కాళ్ళు పట్టు తప్పి మంచం కమ్మీ పట్టుకుని మోకాళ్ళ మీద కూలబడింది.

అదిగో, అక్కడే, నేల మీద ఉండగా, మసకబారిన ఆ బుర్రలో ఒక్క ఆలోచన మాత్రం సూటిగా వచ్చింది. నేను ఇక్కడే ఉన్నాను కదా. నీళ్ళు తాగలేదు. కదల్లేదు. ఎల్లక్క సాక్షిగా మార్చాను. అయినా అయిపోయింది. అంటే తప్పు సిలిండర్‌ది. అంటే ఆ రోజు కూడా.

లేచింది. ఎనిమిదో పడక అమ్మాయి కోలుకుంది, తొంభై ఆరు ఉంది. ఆమెకు రెండు ముక్కల్లో చెప్పి, ఆమె మాస్కును గొట్టంతో సహా తెచ్చి అక్బరీ బేగం మొహానికి పెట్టింది. రెండు నిమిషాలు, అంతకు మించి ఆ అమ్మాయిని ఉంచడానికి లేదు. ఎల్లక్కను పేషెంటును బోర్లా తిప్పి వీపు పట్టుకోమంది. డాక్టర్‌కు ఫోన్ చేయించింది. కిటికీ దగ్గరికి పోయి ఇంకోటి తెమ్మని అరిచింది. అరుపు రాలేదు, గొంతు ఎండి గరగరమంది. అయినా హనుమండ్లుకు వినిపించింది. ఆయన వరసలో ముందున్న సిలిండర్‌ను కొట్టాడు. ఠంగుమంది. దొర్లించడం మొదలుపెట్టాడు.

ఆ చప్పుడు జ్యోతిరాణి చెవిలో పడింది. పడగానే కాలనీలోని తమ క్వార్టర్ గుర్తొచ్చింది. బాపు కొమురెల్లి రిటైరై ఆరేళ్ళైనా, ఏ ఇంటికి పోయినా ముందు చేతికర్రతో పైకప్పు కొట్టి చూస్తాడు. భూమి కింద ముప్పై ఏళ్ళు చేసిన అలవాటు. చిన్నప్పుడు ఒళ్ళో కూర్చోబెట్టుకుని చెప్పేవాడు: మోగిందనుకో, కప్పు గట్టిది బిడ్డా, కింద కూసోని అన్నం తినొచ్చు. మొద్దుగ పలికిందనుకో, తట్ట ఆడనే ఇడిసిపెట్టి ఉరుకాలె. బావి మనిషికి మోగడమంటే ప్రాణం దక్కడం. కానీ వంటింట్లో ఏ ఆడమనిషినడిగినా చెబుతుంది, మోగేది ఖాళీ బిందె. నిండు బిందె మోగదు.

"కాకా, గది కాదు," అంది. "మోగేది తేకు. మోగందే తే."

హనుమండ్లు ఆగిపోయాడు. "మోగనియి ఖాళీయి బిడ్డా. గేటు కాడ పెట్టిన, లారీల పంపనీకె."

"గవ్వే నిండుయి. మొద్దుగ పలికేది తే కాకా, జల్ది."

ఆయన కదల్లేదు. ఇరవై ఏళ్ళకు పైగా మొద్దు చప్పుడు వింటే పారిపోయిన కాళ్ళు అవి. ఆ చప్పుడును నమ్మనందుకే ఇంకా బతికున్న మనిషి. మిషన్ మీద డెబ్బై నాలుగు. ఎనిమిదో పడక అమ్మాయికి ఆయాసం మొదలైంది, ఆమె మాస్కు ఆమెకు తిరిగి ఇచ్చేయక తప్పలేదు. జ్యోతిరాణి ఇక ఏ రూలూ చూడలేదు. ట్రేలోని కత్తెర అందుకుని, కిట్‌తోనే పెరటి తలుపు తోసుకుని ఎండలోకి పరుగెత్తింది. గేటు దగ్గర వరస పెట్టిన సిలిండర్లలో మొదటిదాన్ని చేతిలోని కత్తెరతో కొట్టింది. టక్కుమని మొద్దుగా పలికింది. దాన్ని వాటేసుకుని వంచబోయింది, కదల్లేదు. ఒంట్లో సత్తువ లేదు. కళ్ళ ముందు నల్లగా అయింది. ఇంతలో వెనక నుంచి రెండు చేతులు వచ్చి సిలిండర్ మెడ పట్టుకున్నాయి. హనుమండ్లు ఇంకేం మాట్లాడలేదు. దొర్లించుకుంటూ పరుగెత్తాడు.

బిగించేటప్పుడు ఆమె వేళ్ళు జారుతుంటే పానా తిప్పింది ఆయనే. తెరవగానే గాలి ఈల వేసినట్టు వచ్చింది. సీసాలో నీళ్ళు తెర్లినట్టు బుడగలు లేచాయి. డెబ్బై ఒకటి. అందరూ ఆ అంకెనే చూస్తున్నారు. డెబ్బై ఒకటి. డెబ్బై ఐదు. డాక్టర్ ముకర్రం పరుగెత్తుకొచ్చి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఎనభై రెండు. ఎనభై ఏడు. సాయంత్రం ఆరు గంటలయ్యేసరికి తొంభై. అక్బరీ బేగం కళ్ళు తెరిచి జ్యోతిరాణి చెయ్యి వెతుక్కుని పట్టుకుంది. మాట రాలేదు కానీ పట్టు గట్టిగా ఉంది.

డాక్టర్ అక్కడి నుంచే జియావుల్లాకు ఫోన్ చేశాడు. ఇంట్లో మంచం మీద దగ్గుతూ జియావుల్లా చెప్పింది ఒక్క మాట. ఖాళీదే కద సాబ్ మోగేది, గది గూడ చెప్పాల్నా? చెప్పాల్సిందే అయ్యా. తెలిసినవాడికి అది చెప్పాల్సిన మాట కాదు, తెలియనివాడికి అదొక్కటే చెప్పాల్సిన మాట. డాక్టర్ సుద్దముక్క తెప్పించి పెరటి గోడ మీద 'మోగేది ఖాళీ, మోగనిది నిండు' అని పెద్ద అక్షరాలతో రాయించాడు. ఆరుంబావుకు లారీ కూడా వచ్చింది. వస్తుంది ఎందుకు రాదు, చేతులు కాలాకే కదా ఆకులు దొరికేది.

కొత్త సిస్టర్ ఒకామె జిల్లా నుంచి వచ్చి చార్జ్ తీసుకుంది. జ్యోతిరాణి కిట్ విప్పి, స్నానం చేసి, పెరట్లోకి వచ్చేసరికి హనుమండ్లు గోడకు ఆనుకుని నేల మీద కూర్చుని ఉన్నాడు. పానా ఎదురుగా పడేసి ఉంది. ఎల్లక్క రెండు నీళ్ళ సీసాలు పట్టుకుని పక్కన నిలబడి, ఏం చెయ్యాలో తోచక చూస్తోంది.

"ఆ రాయమల్లుకు తెచ్చింది గూడ మంచిగ మోగింది బిడ్డా," అన్నాడు హనుమండ్లు తలెత్తకుండా. "వానకు టెంటు కూలి అన్నీ కలిసిపోయినయ్. నేనే ఏరిన. మోగిందని సంబురంగ తెచ్చి ఇచ్చిన."

నిజం చెప్పొద్దూ, ఆ మాట వినగానే జ్యోతిరాణికి ముందు కలిగింది జాలి కాదు. హమ్మయ్య అనిపించింది. నేను కాదు, ఈయన. ఎనిమిది రోజుల బరువు ఒక్కసారిగా దిగిపోయింది. దిగిన మరుక్షణమే అది ఎవరి భుజం మీద పోయి పడిందో చూసి ఆమెకు సిగ్గేసింది. హనుమండ్లు పానాను ఇంకా దూరంగా నెట్టేశాడు. తాను ఇక ఈ సిలిండర్లు ముట్టనన్నాడు. బావికి కూడా పోనన్నాడు. చొప్పదండి పోయి చంద్రవ్వ కాళ్ళ మీద పడి, నీ మొగని పానం తీసింది నేనేనని చెప్తానన్నాడు. ఎల్లక్క నీళ్ళు ఇవ్వబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. ఇక నాకు నీళ్ళెందుకు అన్నాడు.

అవే మాటలు. అక్షరం తేడా లేకుండా తాను ఎనిమిది రోజుల కిందట మనసులో అనుకున్న మాటలు. ఇంకో మనిషి నోట వింటుంటే అవి ఎంత అన్యాయంగా ఉన్నాయో జ్యోతిరాణికి అప్పుడు తెలిసింది. ఆయన పక్కనే నేల మీద కూర్చుంది.

"కాకా, తప్పు కాలేదని నేను చెప్త లేను. అయింది. సార్ రాసుకుంటుండు, ఉన్నది ఉన్నట్టు రాస్తడు. చంద్రవ్వ కాడికి గూడ పోదాం, ఇద్దరం పోదాం. ఆ దినం సిలిండర్ బిగించింది నేనే, నేను గూడ కొట్టి చూడలే. కని నిన్ను ఎవలు రమ్మన్నరు? జీతమిచ్చిండ్రా? రాత్రంత బావిల చేసి, పొద్దంత ఈడ గాలి మోసినవ్. పది దినాల్ల ఎంతమంది నడుసుకుంట ఇంటికి పోయిండ్రో ఎర్కేనా? నీకు చెప్పినోడు సగమే చెప్పిండు, మిగిలిన సగం నీ బావి చెప్పింది. పానం కాపాడిన విద్యనే నమ్మినవ్. తప్పు చేసిన మనిషిని నీళ్ళు లేకుంట సంపుతమా కాకా?"

హనుమండ్లు తలెత్తి ఆమె మొహంలోకి చూశాడు. పగిలిన పెదాలు, గుంటలు పడ్డ కళ్ళు. బావిలో దుమ్ము పట్టిన మొహాల్ని దీపం వెలుగులో చదివిన మనిషాయన.

"మరి నువ్వెందుకు తాగుత లేవు బిడ్డా?" అని అడిగాడు.

ఎల్లక్క కూడా జవాబు కోసమే చూస్తోంది. జ్యోతిరాణి ఆమె చేతిలోని సీసాల వైపు చూసింది. ఇంతసేపూ ఆయనకు చెప్పినవాటిలో ఒక్కటైనా తనకు తాను చెప్పుకుందా? రిజిస్టర్‌లో పద్నాలుగు మంది నీళ్ళు రాసింది, పదిహేనో మనిషి ఒకతి ఉందని తట్టిందా? ఈయనను అంత మాట అనడానికి నోరు రాని మనిషి, తనను తాను మాత్రం ఎనిమిది రోజులుగా రోజూ అంటూనే ఉంది. ఏడుపు ముంచుకొచ్చింది. ఆపుకోలేదు. రాయమల్లు పోయిన నాడు కూడా ఏడవలేదు ఆమె. కన్నీళ్ళు రావడానికైనా ఒంట్లో నీళ్ళు ఉండాలి కదా, అవి కూడా నాలుగు చుక్కలే వచ్చాయి.

కాలనీ అవతల మసీదులో నుంచి అజాన్ వినిపించింది. పొద్దు గూకింది. అంతటా లాక్‌డౌన్, రోడ్డు మీద మనిషి లేడు, ఆ గొంతు తేటగా వినబడింది. మరి సాయంత్రం దేనితోని ఇడుస్తున్నవ్ అని పొద్దున ఖాలా అడిగింది. ఎంత కఠినమైన రోజాకైనా పొద్దుగూకేదాకానే గడువు. తను పట్టినదానికి గడువే పెట్టుకోలేదు.

జ్యోతిరాణి ఎల్లక్క చేతిలోంచి రెండు సీసాలూ తీసుకుంది. ఒకటి హనుమండ్లు చేతిలో పెట్టింది. ఆయన తాగుతాడని చూడలేదు, ముందు తనే మూత తిప్పి తాగింది. మొదటి గుక్క గొంతులో ముల్లులా దిగింది, దగ్గొచ్చింది. ఎల్లక్క, జర నిమ్మళంగ తాగు బిడ్డా, ఎవలు గుంజుకపోతలేరు అని కసురుకుంది. రెండో గుక్క బాగుంది. సగం సీసా అయ్యేసరికి పక్కన ఇంకో మూత తిరిగిన చప్పుడైంది. ఆమె అటు తిరగలేదు. తిరిగి చూస్తే ఆయన ఆపేస్తాడేమోనని గోడ మీద సుద్ద రాతలు చూస్తూ తన సీసా ఖాళీ చేసింది.

ఇంటికి పోయేముందు వార్డు కిటికీ దగ్గర ఒక్క నిమిషం ఆగింది. లోపల తొమ్మిదో పడక మీద అక్బరీ బేగం తలగడ ఎత్తు పెట్టుకుని పడుకుని ఉంది. తొంభై మూడు. అద్దానికి ఇవతల నిలబడ్డ మనిషిని కిట్ లేకుండా మొదటిసారి చూస్తోంది కాబట్టి ముందు పోల్చుకోలేదు. ఆ తర్వాత పోల్చుకుంది. మాస్కు లోపల పెదవులు కదిలాయి, చేతి బొటనవేలు నోటి దగ్గర పెట్టి, ఇడిసినవా అన్నట్టు అడిగింది.

జ్యోతిరాణి ఖాళీ సీసా పైకెత్తి చూపించింది.